అసలుది పెద్దాయనకి, నకలు చిన్నావిడకి

బ్రష్షుల షెడ్డు పంచుకున్న రోజున అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దరూ కత్తెర మామ మొహమే చూస్తూ కూర్చున్నారు. ఆయన వాళ్ళకు మేనమామ. బంధువుల్లో ఎవరింట్లో వాటాలు తెగాలన్నా ఆయన్నే పిలుస్తారు కాబట్టి ఆ పేరు పడింది. విడిపోయినవాళ్ళను కలిపిన చరిత్ర ఆయనకు లేదు గానీ, కలిసున్నవాళ్ళను సమంగా కోయడంలో ఆయన్ని మించినవాడు లేడు.

చెక్కకు బెజ్జాలు వేసే మిషన్లు చెరొకటి. బ్రష్షు పోచలు కత్తిరించే మిషను ఒకటే ఉంది కాబట్టి అది అన్నకు, దానికి బదులు చెక్కల నిల్వంతా తమ్ముడికి. తీగచుట్టలు తూకం వేసి మరీ పంచారు. షెడ్డు మధ్యలో ప్లైవుడ్ గోడ కట్టి, వీధిలోకి రెండో తలుపు పెట్టాలని తేల్చారు. తూకం దగ్గర పెద్దాయన భార్య కాటా మీద వేలు ఆనించిందని చిన్నాయన భార్య అంది. మా వాటా మీద కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నావని ఆవిడ ఈవిడను అంది. మామ రెండూ విననట్టు టీ తాగాడు.

"ఇంకేం మిగిలింది?" అన్నాడు కప్పు కింద పెట్టి.

"షాపు" అన్నాడు పెద్దాయన.

"ఏ షాపు?"

"ఆన్‌లైన్‌ది. ఆర్డర్లన్నీ అందులోంచేగా వచ్చేది."

ఆ మాటకు చిన్నావిడకు ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? ఆ షాపు కట్టింది ఆవిడ. అంతకుముందు వాళ్ళ బ్రష్షులు ఒక పెద్ద యాప్‌లో అమ్మేవాళ్ళు. యాప్ వాళ్ళు ప్రతి అమ్మకంలోనూ తమ ముక్క తాము కోసుకుని మిగిలింది విదిలించేవాళ్ళు. కొన్నవాడి పేరూ ఊరూ చెప్పేవాళ్ళు కాదు. పోనీ సరుకు సంగతైనా తెలుసా అంటే అదీ లేదు. సీసాలు కడిగే యంత్రంలో తిరిగే బ్రష్షయినా, బేకరీ ట్రేలు తోమే బ్రష్షయినా, రంగు ఏమిటి, సైజు చిన్నదా పెద్దదా, మగవారికా ఆడవారికా అని అడిగేది ఆ యాప్. ఏదో ఒకటి నొక్కకపోతే ముందుకు కదలదు. విసుగెత్తి ఒకసారి సీసాల బ్రష్షుకు "ఆడవారికి" అని నొక్కితే, జుట్టు దువ్వుకోవడానికి కొనుక్కున్న ఒకావిడ నానా శాపనార్థాలూ పెట్టింది.

అప్పుడు చిన్నావిడ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి వెతికి పట్టుకుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో కలిసి రాసి, లోపలి రాతతో సహా అందరి ముందూ పెట్టేసిన సరుకు అది. ఎవరైనా తీసుకోవచ్చు, తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఖర్చల్లా నెట్‌లో దాన్ని ఉంచే చోటుకు అద్దె, వెబ్ అడ్రసుకు ఏటా కట్టే రుసుము. ఆవిడ కంప్యూటరు చదువు చదవలేదు. రానిచోట అది వాడేవాళ్ళనే అడిగింది, చీవాట్లు తింది, సిగ్గుపడకుండా మళ్ళీ అడిగింది. మగవారికా ఆడవారికా అన్న గడి పీకి పారేసి తన ప్రశ్నలు పెట్టుకుంది. యంత్రం ఏది, కడ్డీ లావెంత, పోచ మెత్తగా కావాలా గట్టిగా కావాలా, పాత బ్రష్షు ఏ వైపు ఎక్కువ అరిగింది. ఈ ఆఖరి ప్రశ్న ఇంకెవరూ అడిగేవాళ్ళు కాదు. అది చూసి, వీళ్ళకు పని తెలుసని నమ్మి, ఫ్యాక్టరీల వాళ్ళు రావడం మొదలుపెట్టారు. యాప్‌కు దణ్ణం పెట్టి బయటికొచ్చేశారు.

పెద్దాయన అప్పుడేమన్నాడు? "ఊరికే ఎవడిస్తాడమ్మాయ్? ఇవాళ ఊరికే ఇచ్చినవాడు రేపు కొంప ముంచుతాడు" అన్నాడు. ఆర్డర్లు వచ్చాక నోరు మూసుకున్నాడు. మూసుకున్నవాడు మూసుకున్నట్టుండక, ఇంటికి పెద్దవాణ్ణి కదా అని అడ్రసు తన పేరున రాయించుకున్నాడు. అలాంటి మనిషి ఇప్పుడు షాపులో వాటా అంటున్నాడు.

"దీన్నెలా కొయ్యడం?" అన్నాడు కత్తెర మామ.

"కొయ్యక్కర్లేదండీ" అంది చిన్నావిడ పళ్ళు బిగించి. "నకలు తీస్తే రెండవుతుంది. చెరో సగం కాదు, చెరొక పూర్తి షాపు. ఫొటోలూ ప్రశ్నలూ అన్నీ ఉంటాయి."

పంచితే తరగని ఆస్తిని మామ తన జన్మలో చూడలేదు. సంతోషించాల్సింది పోయి ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నాడు. పెద్దాయన అయితే కనుబొమలు ముడేశాడు. సగం ఇవ్వాల్సినచోట పూర్తిగా ఇస్తానంటోందంటే ఏదో మతలబు ఉండాలి.

"రెండిట్లో అసలుది ఎవరిది, నకలు ఎవరిది?"

"రెండూ ఒకటే బావగారూ. వెంట్రుకవాసి తేడా ఉండదు."

"తేడా లేకపోతే నకలు నువ్వుంచుకో. అసలుది నాకివ్వు. అడ్రసు కూడా దానిదే. నా పేరు మీదే ఉంది."

చిన్నావిడ నాలుక కరుచుకుంది. తేడా లేదని తన నోటితో తనే అంది. షాపును ఎన్నిసార్లయినా నకలు తీయొచ్చు. అడ్రసు మాత్రం లోకంలో ఒక్కటే. కొనేవాళ్ళకు తెలిసిన గుమ్మం అదే. ఆ సంగతి ఎలా విడమరిచి చెప్పాలా అని వెతుక్కునేలోపే పెద్దాయన ఇంకో మాట వేశాడు.

"మావయ్యా, ఈ అమ్మాయి ఇకమీదట అందులో వేలు పెట్టడానికి వీల్లేదు. ఒక్క అక్షరం మార్చకూడదు. ఇప్పుడెలా ఉందో అలా నాకు అప్పగించాలి. నీ కళ్ళముందే."

"అలాగే" అంది చిన్నావిడ. కుర్చీలోంచి లేచి, పాస్‌వర్డు మార్చుకోమని ఆయన్ని కూర్చోబెట్టింది. ఆయన కీబోర్డు మీద తువ్వాలు కప్పుకుని, కింద చేతులు పెట్టి కొట్టాడు. "ఆర్డరొస్తే మెసేజీ దానంతటదే వస్తుంది" అని ఆవిడ చెప్పింది. చెప్పినప్పుడు మనసులో కోపం తప్ప కల్మషం లేదు. ఆ మెసేజీ ఎవరి ఫోనుకు వస్తుందన్నది ఆ క్షణాన ఆవిడకూ తట్టలేదు.

ప్లైవుడ్ గోడ లేచింది. చిన్నావిడ కొత్త అడ్రసు కొని, నకలును అందులో నిలబెట్టింది. అన్నీ ఉన్నాయి. రావాల్సినవాళ్ళే లేరు. ఆ అడ్రసు ఒకటుందని ఎవరికి తెలుసు గనక? చిన్నాయన రోజూ బెజ్జాల మిషను తుడిచి, నూనె వేసి, మళ్ళీ తుడిచేవాడు. మాట్లాడే మనిషి కాదు. చేతిలో పని లేకపోతే మొహం వేలాడేసే మనిషి.

ఒక ఉదయం ఆవిడ ఫోను మోగింది. సీసాల ఫ్యాక్టరీ వాళ్ళ ఆర్డరు. కడ్డీ లావు, పోచ పొడవు, అరిగిన వైపు, ఫోను నంబరు, అన్నీ ఉన్నాయి. ఆవిడ ఆనందంతో ఎగిరి గంతేసినంత పని చేసి, తన షాపు తెరిచి చూసుకుంది. అందులో ఏ ఆర్డరూ లేదు. మళ్ళీ మెసేజీ చూసింది. అది అసలు షాపులోంచి వచ్చింది. మొదట్లో తన నంబరే పెట్టుకుంది కదా, ఒక్క అక్షరం మార్చొద్దంటే మార్చలేదు కదా, అది అలాగే ఉండిపోయింది.

న్యాయంగా అయితే గోడ మీద నాలుగు వేళ్ళతో కొట్టి, బావగారూ నంబరు మార్చుకోండి అంటే సరిపోయేది. అనడానికే లేచింది కూడా. సరిగ్గా అప్పుడే గోడ అవతల పెద్దాయన ఎవరితోనో నవ్వుతున్నాడు.

"మావాడికేముంది, పెళ్ళాం చెప్పిన దానికల్లా తలాడించడమే. ఊరికే దొరికేవి ఏరుకుని తెలివైనదాన్ననుకుంటుంది ఆవిడ. చూస్తూండు, తొందర్లోనే ఆ తలుపుకు తాళం పడుతుంది."

చిన్నావిడ కూర్చుండిపోయింది. ఎలా ఉందో అలా ఇమ్మన్నాడు, ఇచ్చాను, ఇందులో నా తప్పేముంది అనుకుంది. ఫోను తీసి సీసాల ఫ్యాక్టరీకి చేసి, మీ ఆర్డరు అందిందండీ అని చెప్పింది. వాళ్ళకు ఎప్పుడూ వినే గొంతే. వాళ్ళెందుకు అనుమానపడతారు? కొలతలు కాగితం మీద రాసి మొగుడి చేతిలో పెట్టింది.

"ఎక్కడిది?" అన్నాడు చిన్నాయన.

"మనదే. మన షాపులోంచి వచ్చింది."

ఆయన మొహం వెలిగిపోయింది. చెక్కను బిగించి బెజ్జాలు వేశాడు. బెజ్జం లోతుగా పడితే పోచల కట్ట మునిగిపోతుంది, పైపైన పడితే ఊడిపోతుంది. కట్టను మధ్యకు మడిచి, తీగతో బిగించి దిగ్గొట్టాడు. కత్తిరించే మిషను గోడ అవతలుంది కాబట్టి పోచల కొసలు కత్తెరతోనే సమం చేశాడు. ఆ పూట మిషను కావాలనే గట్టిగా నడిపాడు, అన్నయ్యకు వినపడాలని. "నకలైతేనేం, నా పెళ్ళాం నడిపితే నడుస్తుంది" అన్నాడు. ఆ మెచ్చుకోలు ఆవిడకు తియ్యగానే ఉంది. తల మాత్రం ఎత్తలేదు.

తర్వాత బేకరీ ఆర్డరొచ్చింది. మగ్గాల షెడ్డు వాళ్ళదొచ్చింది. అన్నీ గోడ అవతలివే, అన్నీ ఇవతలే తయారయ్యాయి. పాతవాళ్ళకు కొత్త అడ్రసు ఇచ్చేద్దామని ఎన్నోసార్లు అనుకుంది. ఇస్తే ఎందుకు మారారని అడుగుతారు, అడిగినవాళ్ళలో ఒకరైనా పెద్దాయనకు ఫోను చేస్తారు. అందుకని నోరు కట్టేసుకుంది. దొంగతనం చేసేవాళ్ళకు ఆ మాత్రం ముందుచూపు ఉంటుంది. అంతకు మించిన ముందుచూపు ఉండదు.

అవతల పెద్దాయన ఫోను ఎదురుగా పెట్టుకుని మెసేజీ కోసం కూర్చున్నాడు. షాపు లోపల తెరిచి చూస్తే ఆర్డర్లన్నీ కనిపించేవే. కానీ అసలుదాన్ని కెలికితే పాడవుతుందని ఆయన దాని జోలికే పోలేదు. ఉత్త డొల్ల అంటగట్టిందని వీధి వీధంతా చెప్పాడు. చివరికి మళ్ళీ ఆ పెద్ద యాప్‌లోనే చేరాడు. వాళ్ళు చెప్పిన ధరకే ఇచ్చాడు, అయినా సరుకు కదల్లేదు. ఏళ్ళ తరబడి ఉన్న పనివాణ్ణి పంపించేశాడు. గోడ అవతల మిషను చప్పుడు తగ్గి తగ్గి ఆగిపోయింది. చిన్నావిడ వింటూనే ఉంది. కడుపులో చల్లగా ఉందని తనలో తను ఒప్పుకుంది కూడా.

ఒకరోజు వీధి కుళాయి దగ్గర పెద్దావిడ ఆపింది.

"ఏమే, మీకెలా వస్తున్నాయే అన్ని ఆర్డర్లు?"

"కష్టపడితే వస్తాయి అక్కయ్యా."

"మా ఆయన కష్టపడట్లేదా? ఇద్దరూ ఒక్కచోటే పని నేర్చారు. మీ ఆయన చెయ్యెంతో మా ఆయన చెయ్యీ అంతే."

"ఏమో మరి. వయసు మీదపడితే చెయ్యి కూడా చెడుతుందేమో" అంది చిన్నావిడ. పెద్దావిడ బకెట్టు సగం నిండకుండానే తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మాట ఇంటికెళ్ళి మొగుడికి చెప్పే ఉంటుందని చిన్నావిడకు తెలుసు. చెప్పాలనే అంది.

ఉన్నట్టుండి చిన్నావిడ ఫోను మూగబోయింది. ఒక రోజు చూసింది, ఇంకో రోజు చూసింది. అనుమానమొచ్చి అసలు షాపు తెరిచింది. ఫొటోలు లేవు, ప్రశ్నలు లేవు. ఈ అడ్రసు గడువు ముగిసింది, ఇంకొద్ది రోజుల్లో రుసుము కట్టకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తాం అని ఒక్క ముక్క ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, తన తలుపులోంచి వీధిలోకి దిగి, పక్క తలుపు తోసుకుని లోపలికి పోయింది. వాటాలయ్యాక ఆ గడప తొక్కడం అదే మొదటిసారి.

పెద్దాయన ఆగిపోయిన మిషను పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"బావగారూ, షాపు అడ్రసుకు డబ్బు కట్టలేదా?"

"ఎందుకు కట్టాలి? ఒక్క ఆర్డరన్నా వచ్చిందా?"

"ఇంకా టైముంది. కట్టెయ్యండి. పోనీ నేను కడతాను."

"చచ్చిన షాపుకు నువ్వు కట్టడమేంటి?" అన్నాడు పెద్దాయన. లోపల్నుంచి పెద్దావిడ కూడా వచ్చి నిలబడింది.

అబద్ధం కోసం చిన్నావిడ చాలా వెతికింది. అవసరానికి ఒక్కటీ దొరకలేదు.

"చావలేదండీ. ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి. నా ఫోనుకు వచ్చాయి. ఎలా ఉందో అలా ఇమ్మన్నారు మీరు. నా నంబరు అందులో ఉండిపోయింది."

"సీసాల ఫ్యాక్టరీ?" అన్నాడు పెద్దాయన.

"వచ్చింది."

"బేకరీ ఆయన?"

"వచ్చింది."

"ఎవరు చేశారు?"

"మీ తమ్ముడు."

తిడతాడనుకుంది. చేతికందింది విసురుతాడని కూడా అనుకుంది. ఆయన తన కుడిచెయ్యి ముందుకు చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "నా చెయ్యి చెడిందనుకున్నానే" అన్నాడు భార్యతో. "సీసాలాయన కూడా మానేశాడంటే పనిలో పస పోయిందనుకున్నా. చేసిన బ్రష్షు చేసినట్టు విప్పి చూసుకున్నా, తప్పెక్కడుందో తెలీక. తప్పు లేదంట, విన్నావా?" పెద్దావిడ కొంగుతో నోరు నొక్కుకుంది. ఆయన గొంతులో ముందు కాస్త సంతోషమే ఉంది. అది ఎక్కువసేపు నిలవలేదు.

చిన్నావిడకు జాలేసింది. జాలేసినందుకు తన మీద తనకే చిరాకేసింది. "జరిగిందేదో జరిగిపోయింది" అంది. "అడ్రసు కట్టండి. నంబరు ఇప్పుడే మార్చేస్తాను. ఇకమీదట మీవి మీకే వస్తాయి."

"కట్టను."

"నష్టం మీకే బావగారూ."

"నాకు అలవాటైపోయింది. ఇంక నువ్వు నేర్చుకో."

ఆయన అన్నంత పనీ చేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. తన దగ్గరున్న పాత నంబర్లన్నిటికీ ఫోన్లు చేసి, మీరు నాకిచ్చిన పని మా తమ్ముడి పెళ్ళాం కాజేసిందని ఒక్కొక్కరికీ పూసగుచ్చినట్టు చెప్పాడు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదేమో. సీసాల ఫ్యాక్టరీ ఆయన చిన్నావిడకు ఫోను చేసి, "మాకు కావాల్సింది బ్రష్షులమ్మా, మీ ఇంటి తగాదాలు కాదు" అన్నాడు. అన్నవాడు అన్నగారికీ పని ఇవ్వలేదు. అందరూ వేరే ఎవరినో వెతుక్కున్నారు.

అడ్రసు ఎవరికో పోయింది. ఒకరోజు తెరిచి చూస్తే అందులో దిండు గలీబులు అమ్ముతున్నారు. పేజీ మూలన సరుకు వేసుకునే బుట్ట బొమ్మ చూడగానే చిన్నావిడ గుర్తుపట్టింది. అదే సాఫ్ట్‌వేరు. ఎవరో తనలాంటి మనిషే ఊరికే తీసుకుని, తనలాగే తంటాలు పడి కట్టుకుని ఉంటుంది. తిట్టుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

చిన్నాయన అంతా విన్నాడు. ప్లైవుడ్ గోడకు చెవులక్కర్లేదు, మామూలుగా కూర్చున్నా అన్నీ వినపడతాయి. ఆ రోజు పెళ్ళాన్ని ఒక్క మాట అనలేదు, మర్నాడూ అనలేదు. అంటే బాగుండునని ఆవిడ ఎదురుచూసింది.

అలా చాలాకాలం గడిచాక, నకలు షాపులో, ఆవిడ కొత్త అడ్రసులో, మొట్టమొదటి ఆర్డరొచ్చింది. గోనెసంచులు కుట్టే యంత్రానికి దుమ్ము దులిపే బ్రష్షు. పెద్ద ఆర్డరు. ఇచ్చినవాళ్ళెవరో ముందు వెనకలు తెలియదు. ఎక్కడో వెతుక్కుంటూ వచ్చి, ఏ వైపు అరిగిందన్న ప్రశ్న చూసి నమ్మారు. ఆవిడకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కొలతలు కాగితం మీద రాసి, కాగితం ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకుని మొగుడి దగ్గరికి పరిగెత్తింది.

"ఎవరిది?" అన్నాడాయన.

"మనదే. ఒట్టు. ఇదిగో చూడండి, అడ్రసు చూడండి, మనదే."

ఆయన ఫోను వైపు చూడలేదు. కాగితం మాత్రం తీసుకున్నాడు. అది పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. విడిపోయాక అన్నను పిలవడం అదే మొదలు.

"అన్నయ్యా! గోనెసంచుల మిషను బ్రష్షుకి ఆర్డరొచ్చింది. నీదా?"

అవతల స్టూలు కిర్రుమంది. పెద్దాయన ఎలాంటివాడైనా ఇంత అబద్ధం ఆడడులే అనుకుంది చిన్నావిడ.

"నాదే" అన్నాడు పెద్దాయన.

చిన్నాయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, గోడ పైనుంచి అవతల పడేశాడు. చిన్నావిడ ఫోను ఆయన మొహం ముందు పెట్టి చూడమని బతిమాలుతూనే ఉంది. ఆయన తువ్వాలు తీసుకుని మిషను తుడవడం మొదలుపెట్టాడు.